స్పిరిచ్యువల్స్ ఎలా పుట్టాయి?

అమెరికా దక్షిణాదిలో బానిసలుగా బతికిన ఆఫ్రికన్లు పాడుకున్న భక్తిపాటలే స్పిరిచ్యువల్స్. వాటిని ఎవరు రాశారు? ఫలానావారని చెప్పలేం. ఎన్నో గొంతులు కలిసి కట్టుకున్న పాటలవి.

ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు వంత అందుకుంటారు. ఈ పద్ధతి ఆఫ్రికా నుంచి వచ్చింది. 1739లో సౌత్ కరోలినాలో బానిసలు తిరగబడ్డారు. మరుసటి ఏడాదే అక్కడ చట్టం చేసి, వాళ్లు డోళ్లు వాయించకుండా నిషేధించారు. డోలు పోతేనేం? చప్పట్లు కొట్టారు, పాదాలతో నేలమీద తాళం వేశారు, గుండ్రంగా తిరుగుతూ పాడారు. లయను ఏ చట్టం ఆపగలదు!

మరి ఈ పాటల్లోని కథలు? బైబిలువి. ఈజిప్టులో బానిసలైన జనాన్ని మోషే విడిపించిన కథ వాళ్లకు తమ కథే అనిపించింది.

ఈ పాటలకు ఇంకో వేరు కూడా ఉంది. 1801లో కెంటకీలోని కేన్ రిడ్జ్‌లో వేలమంది గుమిగూడి రోజుల తరబడి ప్రార్థనలు చేశారు. అలాంటి సభలకు నల్లవాళ్లూ తెల్లవాళ్లూ వచ్చేవారు. పుస్తకం అక్కర్లేకుండా వినగానే నోటికొచ్చే పల్లవులు పాడేవారు. అలా ఒకరి బాణీలు మరొకరికి చేరాయి. పాటలు కలిశాయి కానీ బతుకులు కలవలేదు. సభ ముగిశాక యజమాని యజమానే, బానిస బానిసే.

బానిసత్వం రద్దయ్యాక, 1871లో నాష్‌విల్‌లోని ఫిస్క్ విద్యాలయ విద్యార్థులు దాన్ని అప్పుల నుంచి కాపాడటానికి ఊరూరా తిరిగి ఈ పాటలు పాడారు. అలా వచ్చిన డబ్బుతో కట్టిన జూబిలీ హాల్ ఇప్పటికీ అక్కడ ఉంది.