మాండరిన్ చేప

నెమలి ఈకను మెత్తగా నూరితే ఏమవుతుంది? కంటికి ఇంపైన నీలివన్నె మాయమై గోధుమరంగు పొడి మాత్రం మిగులుతుంది. నెమలి ఈకలోను, పాలపిట్ట రెక్కలోను నీలిరంగు పదార్థమేదీ లేదు. ఈకలోని అతి సూక్ష్మమైన నిర్మాణం తెల్లని కాంతినుండి నీలికిరణాలను ఏరి మన కంటివైపు పంపుతుంది. జంతులోకంలో నీలివన్నె చాలవరకు ఇట్టిదే. ఈ నియమానికి లోబడని చిన్న చేప ఒకటి పసిఫిక్ మహాసముద్రపు పడమటి భాగంలో ఉన్నది. అదే మాండరిన్ చేప.

దీని నిడివి ఆరేడు సెంటీమీటర్లు. నారింజవన్నె మేనిపై నీలి, ఆకుపచ్చ చారలు మెలికలు తిరిగి ఉంటవి. పూర్వం చైనాలో మాండరినులనే ఉన్నతోద్యోగులు తొడిగిన పట్టు అంగీలను తలపించడం చేత దీనికి ఈ పేరు వచ్చినది. ఫిలిప్పీన్ దీవులలో దొరికిన చేపలను పరీక్షించి 1927లో హెర్రె అనే శాస్త్రజ్ఞుడు దీనిని మొదట వర్ణించాడు. దీని శాస్త్రనామం సింకిరోపస్ స్ప్లెండిడస్.

1995లో గోడా, ఫుజీ అనే జపాను శాస్త్రజ్ఞులు ఈ చేప చర్మాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించి, నీలిరంగు రేణువులతో నిండిన కణాలను కనుగొన్నారు. వాటికి సయనోఫోరులని పేరు పెట్టారు. అనగా దీని నీలం కాంతి కల్పించిన వన్నె కాదు, నిజమైన రంగు. వెన్నెముకగల జంతువులలో ఇది మిక్కిలి అరుదు.

ఈ చేపకు పొలుసులు లేవు. వాటికి బదులు దళసరి జిగురు మేనంతా కప్పి ఉంటుంది. ఆ జిగురు దుర్వాసన గలది, చేదైనది. కనుక పెద్ద చేపలు దీని జోలికి రావు.

జపాను దక్షిణ భాగంలోని ర్యుక్యూ దీవులనుండి ఆస్ట్రేలియా వరకు, అలల తాకిడి తక్కువగా ఉండే లోతులేని నీటిలో, విరిగిన పగడపు గుట్టల సందులలో ఇది నివసిస్తుంది. రొయ్యలకు దూరపు చుట్టాలైన కోపిపాడులు మొదలైన రవ్వంత జీవులను ఒక్కొక్కటిగా ఏరుకొని తింటుంది. పొద్దు గ్రుంకే వేళ ఆడచేప, మగచేప ప్రక్కప్రక్కన ఆనుకొని మెల్లగా పైకి తేలుతవి. గుడ్లను, శుక్రాన్ని నీటిలో విడిచి, తటాలున క్రిందికి జారుకొంటవి. గుడ్లకు కాపలా లేదు. ప్రవాహమే వాటిని మోసుకొనిపోతుంది.

ఇంతటి అందమే దీనికి ముప్పు తెచ్చినది. గాజుతొట్లలో పెంచేవారి కోసం ఫిలిప్పీన్ దీవులలో వీటిని పట్టి అమ్ముతున్నారు. కొనేవారు కోరేది పెద్ద మగచేపలను. ఆడచేపలు వరించేదీ పెద్ద మగచేపలనే! పెద్దవాటిని ఏరివేస్తే మిగిలిన చేపల సంతానోత్పత్తి దెబ్బతింటుంది. పట్టుబడిన చేపకు మరొక కష్టం ఉన్నది. సజీవమైన ఆహారానికి అలవాటుపడిన ఈ చేప ఎండు మేతను సాధారణంగా ముట్టదు. చిన్న తొట్టిలోని కోపిపాడులు త్వరలోనే అయిపోతవి. అందుచేత అనేక చేపలు చిక్కి, ఆకలితో చనిపోతవి.

ఇటీవల తొట్లలోనే గుడ్లు పెట్టించి, పిల్లలకు చిన్ననాటినుండి తయారుమేత అలవాటు చేస్తున్నారు. అట్టి చేపలనే కొన్నట్లయితే సముద్రంలోని వాటికి కొంత ఊరట కలుగుతుంది. రంగు ఈ చేప చర్మంలోనే ఉన్నది గాని, దాని ఆహారం, సంతానం పగడపు గుట్టను ఆశ్రయించి ఉన్నవి. ఆ గుట్టను కాపాడకుండా చేపను కాపాడడం సాధ్యం కాదు.