గోలకొండ గోడలలో కాపురమున్న ప్రాణులు

గోలకొండకు విహారయాత్రగా వచ్చెడు విద్యార్థులకు మనము చూపించు వింత తఱచుగా ఒక్కటే: ఫతే దర్వాజా క్రింద నిలిచి చప్పట్లు చఱచినచో ఆ సవ్వడి కొండకొనయందలి బాలాహిసారులో వినవచ్చుట. ఆ శిల్పుల నేర్పు మెచ్చదగినదే. కాని ఆ చప్పట్లను వినుచు అవే గోడల నెఱ్ఱెలలో, కమానుల నీడలో తరతరములుగా కాపురమున్న ప్రాణులను గూర్చి ఒక్క మాటయైనను చెప్పక పిల్లలను బస్సెక్కించి పంపివేయుట మన చరిత్రబోధనలోని పెద్దలోటని నా దృఢాభిప్రాయము.

కాకతీయులనాటి మట్టికోటయై, బహమనీల చేతులమీదుగా కుతుబ్‌షాహీల వశమై, రాతికోటగా పెరిగి, 1687లో ఔరంగజేబు సేనలకు చిక్కిన ఈ దుర్గము ఏ యొక్కరి సొత్తును గాదు. ఇబ్రహీం మసీదును, రామదాసు చెఱసాలయు, జగదాంబిక అమ్మవారి గుడియు ఒకే కొండమీద నున్నవి. ఆషాఢమాసమున భాగ్యనగరపు తొలిబోనము ఇచ్చటనే యెత్తుదురు. బోనపు కుండకు వేపమండ లేనిదే ఆ పండుగ లేదు. ఆ వేపచెట్టు ప్రసక్తి మాత్రము మన చరిత్రపాఠములలో కానరాదు.

నయాఖిలాలోని హాతియాన్ ఝాడ్‌ను చూడుడు. ఆఫ్రికా ఖండమునుండి సముద్రము దాటివచ్చిన ఈ బయోబాబ్ వృక్షము నాలుగువందల యేండ్లు పైబడినదని ప్రతీతి; దాని మొదలు చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. వానకాలపు నీటిని తన మెత్తని మ్రానులో దాచుకొని, ఎండకాలమున ఆకులన్నియు రాల్చి, పొద్దుగ్రుంకిన పిదప విచ్చి ఒక్క రాత్రితో ఆయువు తీరెడు తెల్లని పెద్దపూవులను గబ్బిలముల కొప్పగించు ఈ జాతి జీవనక్రమము ఏ సుల్తాను చరిత్రకన్నను తక్కువ రసవంతము గాదు. గబ్బిలమును చూచి ముక్కు మూసికొనెడు బాలునికి ఆ పూవునకును దానికిని గల చుట్టఱికమును తెలిపినచో వాడు రెంటిని ఇక మఱవడు.

అయితే ప్రాణికిని కట్టడమునకును వైరము లేదని నమ్మబలుకుట సత్యము గాదు. రావిపండు తిన్న పక్షి గోడపై రెట్టవేయగా, అందలి గింజ గచ్చు సందున మొలకెత్తి, తొలుత నూలుపోగువలె సన్నని వేరు దించి, పిమ్మట ఏటేట లావెక్కి రాళ్లను విడదీయును. పైకొమ్మను నఱకినంత మాత్రమున అది చావక మఱల చిగురించును. అనుభవజ్ఞులు దగ్గఱ నిలిచి, లేతమొక్కగా నున్నప్పుడే గచ్చు చెదరకుండ దానినెట్లు తీయవలయునో చూపి, తీసిన మొక్కను కుండీలో బ్రతికించి చెరువుగట్టున పాతించినచో, కోటను కాపాడుటయు చెట్టును కాపాడుటయు ఒకే పనియని పిల్లలకు ఉపన్యాసము లేకయే బోధపడును.

మన శాసనములలో ఈ రెండును వేఱువేఱు దారులలో నడచుచున్నవి. ప్రాచీన కట్టడములకు 1958 నాటి చట్టము కావలి. జీవరాశికి 2002 నాటి జీవవైవిధ్య చట్టము కావలి. ఈ రెండవదాని ననుసరించి స్థానిక సంస్థలు జీవవైవిధ్య కమిటీల నేర్పఱచి, ప్రజలతో సంప్రదించి, తమ యెల్లలలోని చెట్లు, పిట్టలు, వానినిగూర్చిన స్థానికజ్ఞానము ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో వ్రాయవలయును. 2012 అక్టోబరులో జీవవైవిధ్యముపై ప్రపంచదేశముల సదస్సునకు ఆతిథ్యమిచ్చిన నగరము మనది. కోటచుట్టు బస్తీలలోని పిల్లలు, తమ యవ్వలు ఏ పిట్టను ఏ పేరున పిలుతురో, ఏ యాకును ఏ నొప్పికి నూఱుదురో అడిగి వ్రాసికొనివచ్చినచో ఆ రిజిస్టరునకు అంతకన్న ప్రామాణికమైన పుట యేది?

ఉపాధ్యాయులకు నా మనవి ఇదియే: రాబోవు యాత్రలో చప్పట్లు ముగిసిన పిదప ఒక్క గంట పిల్లలకు విడువుడు. ప్రతివానిచేతికి పలుచని నోటుపుస్తక మిచ్చి, ఒక గోడనో ఒక చెట్టునో చూపి, అచ్చట కనబడిన ప్రాణులను తేదీతో, వేళతో వ్రాయింపుడు. ఆ పుటలను మీ స్థానిక జీవవైవిధ్య కమిటీకి పంపుడు. మఱుసటి యేడు అదే నెలలో, అదే గోడయొద్దకు వారినే తిరిగి తోడ్కొనిపొండు.