120 పోయి 60 వచ్చిన రోజు

రైలు టికెట్ ఎన్ని రోజుల ముందు తీసుకోవచ్చు? 2013 మేలో ఈ గడువు 120 రోజుల నుంచి 60కి దిగింది. 2015 ఏప్రిల్‌లో మళ్లీ 120. 2024 నవంబరు 1 నుంచి తిరిగి 60. మారింది ఒక్క అంకే కదా, బుకింగ్ ప్రోగ్రాములో 120 ఉన్నచోట 60 కొట్టేస్తే పోలా అనిపిస్తుంది. పోదు.

2025 సంక్రాంతి జనవరి 14న వచ్చింది. ప్రయాణం రోజును వదిలేసి లెక్కేస్తే, పాత రూలు ప్రకారం ఆ రోజు టికెట్లు సెప్టెంబరు 16న మొదలవ్వాలి. కొత్త రూలు ప్రకారం నవంబరు 15న. అక్టోబరు 31 దాకా కొన్న టికెట్లన్నీ చెల్లుతాయని రైల్వే చెప్పింది. అంటే పండక్కి వెళ్లే రైల్లో కొందరికి అప్పటికే బెర్తు ఖాయం. మిగతావాళ్లకు నవంబరు 1 నుంచి 14 దాకా బుకింగే లేదు. ఆ రెండు వారాల్లో పాత టికెట్ రద్దు చేసుకుంటామంటే మాత్రం సిస్టమ్ ఒప్పుకోవాలి. ప్రయాణం 60 రోజులకు మించి ఉందని అడ్డుపడకూడదు.

అందుకే రూలును కోడ్‌లో పాతిపెట్టకుండా టేబుల్‌లో పెట్టాలి: ఎన్ని రోజులు, ఎవరికి, ఏ తేదీ నుంచి, ఏ తేదీ దాకా. కొత్తది వచ్చినప్పుడు పాత వరుసను చెరపరు. దానికి ముగింపు తేదీ వేసి, కింద ఇంకోటి చేరుస్తారు. గడువు మళ్లీ 120 అయినా (రైల్వే చరిత్ర చూస్తే ఆశ్చర్యమేం లేదు) కోడ్ ముట్టుకోనక్కర్లేదు.

మినహాయింపులూ ఉన్నాయి. విదేశీ పర్యాటకులకు 365 రోజులు అలాగే ఉన్నాయి. తాజ్, గోమతి ఎక్స్‌ప్రెస్‌ల వంటి పగటి రైళ్లకు ముందునుంచీ ఉన్న తక్కువ గడువూ మారలేదు. బుకింగా రద్దా, పర్యాటకుడా కాదా, పగటి రైలా కాదా, నవంబరు 1కి ముందా తర్వాతా: నాలుగు ప్రశ్నలకు 16 కలయికలు. రద్దుకు గడువుతో పనిలేదు గనుక 8 ఒక్క దెబ్బకి ఒకటవుతాయి. మిగతావాటినీ కలిపితే మొత్తం 5 వరుసలు చాలు.

కానీ అలా కలిపేటప్పుడే ఒక చిక్కు బయటపడుతుంది. విదేశీ పర్యాటకుడు తాజ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఏ గడువు? రైల్వే ప్రకటనలో ఈ రెండు మినహాయింపులూ పక్కపక్కనే ఉన్నాయి, ఏది పైచేయో లేదు. టేబుల్ ఉంటే ఆ గడి ఖాళీగా కనబడుతుంది, రూలు పెట్టినవాళ్లను అడిగి నింపొచ్చు. లేకపోతే ప్రోగ్రామర్ ఏ షరతు ముందు రాశాడో అదే అమలవుతుంది.