కరువులో కాలువ తవ్వించిన దొర

ఆకలిగొన్న సహోదరునికి చల్లని మాటలు చెప్పి ఉత్తచేతులతో పంపే విశ్వాసాన్ని యాకోబు తన పత్రికలో గట్టిగా నిలదీశాడు. ఆ వాక్యం చదివినప్పుడల్లా మాకు ఒంగోలు గుర్తుకొస్తుంది.

పలివెల వైపు కాలువ నీళ్ళతో బతికే మనకు కరువంటే పెద్దలు చెప్పిన కథే. 1832-33 కరువులో గోదావరి ప్రాంతమూ అల్లాడింది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక డెల్టా తేరుకుంది. ఒంగోలు మెట్టకు ఆ భాగ్యం లేదు. 1876-78 నాటి ధాత కరువులో అక్కడి మాదిగపల్లెలు ఎండిపోయాయి.

1866 నుండి ఒంగోలులో సేవచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మిషనరీ కాకముందు సర్వేయరు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, అందులో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు ఆయనే తీసుకున్నాడు. ఇతర శిబిరాల్లో చిన్న ఉద్యోగుల తిట్లు, లంచాలు పేదలను పీడించేవి. క్లౌ తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, చేసిన పనికి సరైన కూలి ఇప్పించాడు. వేలమంది గంజి తాగి బతికారు.

సాయంత్రం పని ముగిశాక బోధకులు వాక్యం చెప్పేవారు. బాప్తిస్మం అడిగేవారు పెరిగారు. క్లౌ మాత్రం ఇవ్వలేదు! దాదాపు పదిహేను నెలలు ఆపేశాడు. అన్నం ఆశతో వచ్చారన్న నింద ఆ పేదలమీద పడకూడదని ఆయన పట్టుదల. బోధకులకు అది కష్టంగానే తోచి ఉంటుంది. మా దృష్టిలో ఆయన చేసిన ఉపకారాల్లో ఇదే పెద్దది.

సహాయనిధి అయిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పినా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్య మన ప్రసంగాల్లో తరచుగా వినిపిస్తుంది. ముందు గడిచిన ఆ నెలల సంగతి అంతగా వినిపించదు.

1967లో బీహారు కరువు వేళ మన దేశపు సువార్త సంఘాలు ఎఫికార్ అనే సహాయ సంస్థను స్థాపించుకున్నాయి. అప్పటికి దాతలూ పనివారూ మనవాళ్ళే అయ్యే రోజులు మొదలయ్యాయి.

మన స్త్రీలు వంటకు ముందు తీసిపెట్టే గుప్పెడు బియ్యం చాలా సంఘాల్లో ఆరాధన తర్వాత వేలానికి వెళ్తోంది. అందులో సగం దాచితే, ఆగస్టులో లంకలు మునిగినప్పుడు ఏ కులమని, ఏ మతమని అడగకుండా పంచవచ్చు, ఫోటోలు లేకుండా. వచ్చే కమిటీ కూటంలో ఈ మాట పెట్టి చూద్దాం.