మూడు మిల్లీగ్రాముల్లో శక్తి ఎంత?

1938లో జర్మనీలో టెమ్లర్ అనే కంపెనీ 'పెర్విటిన్' అనే బిళ్ళను అమ్మకానికి పెట్టింది. ఒక్కొక్క బిళ్ళలో 3 మిల్లీగ్రాముల మెథాంఫెటమిన్ ఉండేది. వేసుకుంటే నిద్ర రాదు, ఆకలి వేయదు, అలసట తెలియదు. ఇంకేం, సైన్యం దాని మీద పడింది. 1940 ఏప్రిల్ నుంచి జూలై లోపల జర్మన్ సేనలకు అందిన ఇటువంటి బిళ్ళలు సుమారు 3 కోట్ల 50 లక్షలు! తరువాత సాహిత్యంలో నోబెల్ బహుమతి పొందిన హైన్రిష్ బోల్ కూడా అప్పట్లో సైనికుడే. పెర్విటిన్ పంపమని ఇంటికి ఉత్తరాలు రాశాడు.

ఇప్పుడు మీరొక చిన్న లెక్క చేయండి. ఒక గ్రాము పంచదార ఇచ్చే శక్తి 4 కిలోకేలరీలు. మరి 3 మిల్లీగ్రాముల పంచదార? 12 కేలరీలు. చెంచాడు నీళ్ళను రెండు డిగ్రీలు వేడి చేయటానికి సరిపోతుంది, అంతే. బిళ్ళలోని మందు పంచదారకు రెండు మూడు రెట్లు శక్తి ఇస్తుందనుకున్నా, దానితో మనిషి పది అడుగులు కూడా వేయలేడు.

మరి రాత్రంతా నడిచిన సైనికుడికి శక్తి ఎక్కడిది? శక్తిని సృష్టించలేమని మీరు చదువుకున్నారు కదూ! అది అతని కండరాలలో, కాలేయంలో, కొవ్వులో నిలవ ఉన్నదే. బిళ్ళ చేసిందల్లా "ఇక చాలు, ఆగు" అని శరీరం మోగించే గంటను వినపడకుండా చేయటం. ఇంజను వేడెక్కిందని చూపే ముల్లును విరిచేసి లారీ నడపటం వంటిదన్నమాట.

ఇది ఎలా జరుగుతుందో చూద్దాం. మెదడులో నాడీకణాలు ఒకదాని నొకటి తాకవు. మధ్య సన్నని సందు ఉంటుంది. మంచి మార్కులు వచ్చినా, ఆకలి వేసినప్పుడు అన్నం దొరికినా, ఒక కణం ఆ సందులోకి డోపమీన్ అనే రసాయనాన్ని కొద్దిగా వదులుతుంది. పని కాగానే చిన్న పంపులు దాన్ని తిరిగి లోపలికి లాగేస్తాయి. మెథాంఫెటమిన్ అణువు ఆకారంలో డోపమీన్‌ను పోలి ఉంటుంది. అందుచేత అదే పంపు గుండా లోపలికి చొరబడి, పంపును వెనక్కు తిప్పేస్తుంది! లాగవలసిన పంపు బయటికి తోడటం మొదలుపెడుతుంది. నార్‌ఎడ్రినలిన్ కూడా ఇలాగే పొంగుతుంది. గుండె దడదడలాడుతుంది, రక్తపోటు పెరుగుతుంది, ఒళ్ళు కాలిపోతుంది. ఈ వేడికీ, గుండెపోటుకూ, మెదడులో రక్తనాళాలు చిట్లటానికీ యువకులు కూడా బలి అవుతారు.

మందు తొందరగా పోదు. అందులో సగం తగ్గటానికే సుమారు 10 గంటలు పడుతుంది. ఆ తరువాత వచ్చేది నీరసం, దిగులు, మళ్ళీ కావాలనే తహతహ. వాడకం సాగితే నోరెండి పళ్ళు పుచ్చిపోతాయి. లేని మాటలు వినిపిస్తాయి. సొంత అన్నదమ్ములే తనను చంపజూస్తున్నారనే అనుమానం పట్టుకుంటుంది.

దీన్ని 1893లో మొదట తయారుచేసిన నగాయి నగయోషి జపాను శాస్త్రజ్ఞుడు. యుద్ధం ముగిశాక, 1945 తరువాత, ఆ దేశంలోనే ఇది ఊళ్ళమీద పడింది. 1951లో చట్టం చేసి అరికట్టవలసి వచ్చింది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద దగ్గర ఉంచుకోవటమూ నేరమే. ఈనాడు 'ఐస్', 'క్రిస్టల్' అనే ముద్దు పేర్లతో తిరుగుతోంది. పరీక్షల ముందు "నిద్ర రాని బిళ్ళ" అని ఎవరైనా చేతిలో పెడితే, పైన చేసిన లెక్క వాళ్ళకు చేసి చూపండి. (రాత్రి నిద్రలోనే మెదడు చదివినదాన్ని పదిలపరుస్తుంది. కాబట్టి ఆ బేరం పరీక్షకూ పనికిరాదు!) స్నేహితుడెవరైనా ఇప్పటికే చిక్కుకుని ఉంటే, 14446 అనే ఉచిత ఫోను నంబరు ఉంది.

మానేస్తే మెదడు బాగుపడుతుందా? 2001లో అమెరికా శాస్త్రజ్ఞులు, మానేసి ఏడాది దాటిన వారి మెదడులను స్కానింగ్ చేసి చూశారు. తగ్గిపోయిన పంపులు చాలావరకు తిరిగి కనిపించాయి. కాని జ్ఞాపకశక్తి, చేతుల చురుకుదనం మాత్రం అంతగా తిరిగి రాలేదు.