గంజాయి పుప్పొడి క్రయవిక్రయాలు: మత్తు లేని పొడికీ చట్టం వర్తిస్తుందా?

న్యూఢిల్లీ: ఇంట్లో పరిమిత సంఖ్యలో గంజాయి మొక్కలు పెంచుకునేందుకు అనుమతి ఉన్న దేశాలలో మగ మొక్క పూల నుంచి రాలే పుప్పొడి ఇప్పుడు ఒక సరకుగా మారింది. చిన్న సీసాలో చిటికెడు పొడిని కొని, తమ వద్ద ఉన్న ఆడ మొక్క పూలపై చల్లి, నచ్చిన లక్షణాలు గల కొత్త వంగడాన్ని తయారు చేసుకోవాలన్నది కొనేవారి ఆశ. పుప్పొడిలో మత్తు దాదాపు ఉండదు కనుక చట్టంతో పేచీ రాదన్న నమ్మకం ఈ బేరానికి ఆధారం. ఆ నమ్మకం అనేక దేశాలలో సగమే నిజం. భారతదేశంలో అయితే దానిని నమ్ముకున్నవారు జైలుపాలయ్యే ప్రమాదం ఉంది.

పుప్పొడికి విలువ ఎందుకు?

తాటిచెట్లలో పోతుతాడి వేరు, పండ్లు కాసే చెట్టు వేరు అన్న సంగతి తెలుగువారికి కొత్త కాదు. గంజాయిదీ అదే తీరు. సాధారణంగా మగ పూలు ఒక మొక్కపై, ఆడ పూలు మరొక మొక్కపై పూస్తాయి. మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే రసాయనం ప్రధానంగా ఆడ పూలపై ఉండే సూక్ష్మమైన జిగురు గ్రంథులలో తయారవుతుంది. పరాగ సంపర్కం జరిగితే ఆడ మొక్క శక్తి గింజల వైపు మళ్లి, ఆ రసాయనాల దిగుబడి తగ్గుతుంది. అందువల్ల పూల కోసం పెంచేవారు మగ మొక్క కనిపించగానే పీకి పారేస్తారు.

కొత్త వంగడం కావాలనుకునేవారికి మాత్రం మగ మొక్క లేనిదే పని జరగదు. ఇంట్లో దానిని పెంచితే పక్కనున్న ఆడ మొక్కలన్నీ గింజ కడతాయి. పైగా అనుమతించిన మొక్కల సంఖ్యలో అదీ ఒకటిగా లెక్కకు వస్తుంది. ఎవరో పెంచిన మగ మొక్క నుంచి పొడి మాత్రమే తెచ్చుకుంటే ఈ రెండు ఇబ్బందులూ తప్పుతాయి. ఒక్క మగ పువ్వు సుమారు 3.5 లక్షల పరాగ రేణువులను విడుదల చేయగలదని వృక్ష శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. ఒక్కో గింజకు ఒక్కో రేణువు చాలు కనుక చిటికెడు పొడితో వందలాది గింజలు పొందవచ్చు.

దీనికి తోడు, రసాయనాల సాయంతో ఆడ మొక్కపైనే మగ పూలు పూయించి సేకరించే పుప్పొడి కూడా ఉంది. అందులో మగ లింగాన్ని నిర్ణయించే వై క్రోమోజోము ఉండదు. ఫలితంగా పుట్టే మొక్కలు దాదాపు అన్నీ ఆడవే అవుతాయి.

కొనేవారికి ఏం తెలుస్తుంది?

జోగులాంబ గద్వాల జిల్లాలోని సంకర పత్తి విత్తన క్షేత్రాలలో ఆడ వరుసల పూల నుంచి కేసరాలు తీసివేసి, మగ వరుసల పూలతో పరాగ సంపర్కం చేయించడం మన రైతులు ఎరిగిన పనే. అక్కడ తల్లి, తండ్రి వరుసలు రెండూ కళ్లెదుటే ఉంటాయి. అవి తరతరాలుగా స్థిరపరచిన శుద్ధ వరుసలు కనుక సంతానం ఎలా ఉంటుందో ముందే తెలుస్తుంది.

గంజాయి పుప్పొడిలో ఈ భరోసా లేదు. మగ మొక్క మత్తునిచ్చే పూలు పూయదు కనుక దాని అసలు గుణం దాని సంతానాన్ని పెంచి చూస్తేనే బయటపడుతుంది. ఈ జాతి మొక్కలలో జన్యు వైవిధ్యం ఎక్కువ కావడంతో ఒకే సీసాలోని పొడి నుంచి పుట్టిన తోబుట్టువులు కూడా ఒకదానితో ఒకటి పోలకపోవచ్చు. టీహెచ్‌సీ అధికంగా ఉన్న మొక్కను, మత్తు కలిగించని సీబీడీ అనే రసాయనం అధికంగా ఉన్న మొక్కతో కలిపితే తొలి తరంలో సాధారణంగా రెండూ కనిపిస్తాయి. పొడిలో మత్తు లేకపోయినా మత్తును నిర్ణయించే జన్యువులు అందులో ఉంటాయన్నది ఇక్కడ గుర్తించవలసిన విషయం.

పొడి సజీవంగా ఉందా అన్నది రెండో సందేహం. సాధారణ ఉష్ణోగ్రతలో ఈ రేణువులు రోజుల వ్యవధిలోనే మొలకెత్తే శక్తిని కోల్పోతాయి. తేమ తగిలితే మరింత త్వరగా చచ్చిపోతాయి. కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరబెట్టిన పుప్పొడిని కాల్చిన గోధుమపిండితో కలిపి ద్రవ నత్రజనిలో భద్రపరచి, నాలుగు నెలల తర్వాత కూడా దానికి మొలకెత్తే శక్తి నిలిచి ఉందని 2020లో నివేదించారు. ఆ సౌకర్యం ప్రయోగశాలలకు ఉంటుంది. వేసవిలో టపాలో ప్రయాణించి వచ్చిన సీసాకు ఉండదు. చచ్చిన రేణువుకూ బతికిన రేణువుకూ తేడా కంటికి తెలియదు.

పేరులోనే ఒక చిక్కు

పాశ్చాత్య దేశాల మత్తు విపణిలో ‘పోలెన్’ అన్న మాటకు మరో అర్థం ఉంది. ఎండిన ఆడ పూలను సన్నని జల్లెడలో జల్లిస్తే రాలే జిగురు గ్రంథుల పొడిని కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. నిజానికి దానికీ పుప్పొడికీ సంబంధం లేదు. అది చరస్‌కు ముడిసరకు. పేరు చూసి పుప్పొడి అనుకుని తెప్పించుకున్నవారి చేతికి అందేది చట్టం దృష్టిలో తీవ్రమైన మత్తు పదార్థం కావచ్చు.

నిజమైన పుప్పొడిలోనూ మగ పూల కేసరాలపై ఉండే కొద్దిపాటి జిగురు గ్రంథులు కలిసే అవకాశం ఉంది. అప్పుడు పరీక్షలో స్వల్పంగా టీహెచ్‌సీ కనిపించవచ్చు. పొడిని ఎంత శుభ్రంగా సేకరించారన్న దానిపై పరీక్ష ఫలితం ఆధారపడుతుంది.

దేశానికో నిబంధన

ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 1961లో కుదిరిన మాదకద్రవ్యాల ఒప్పందం గంజాయిని పూత లేదా కాయ ఉన్న కొమ్మల చివళ్లుగా నిర్వచించింది. విడిగా ఉన్న గింజలను, ఆకులను ఆ నిర్వచనం నుంచి మినహాయించింది. పుప్పొడి ప్రస్తావన ఆ నిర్వచనంలో లేదు. ఈ మౌనాన్ని ఒక్కో దేశం ఒక్కో విధంగా పూరించుకుంది.

కెనడా 2018 అక్టోబరు 17 నుంచి గంజాయిని చట్టబద్ధం చేసి, సాధారణంగా ఇంటికి నాలుగు మొక్కల వరకు అనుమతించింది. ప్రత్యేకంగా మినహాయించిన కొన్ని భాగాలు తప్ప మొక్కలోని ప్రతి భాగమూ గంజాయేనని అక్కడి చట్టం చెబుతుంది. మినహాయింపుల జాబితాలో పుప్పొడి లేదు. లైసెన్సు లేకుండా దానిని అమ్మడం అక్కడ నేరమే. జర్మనీ 2024 ఏప్రిల్ నుంచి వయోజనులకు మూడేసి మొక్కలు పెంచుకునే వీలు కల్పించినా, ఇంట్లో పండించిన గంజాయిని ఇతరులకు ఇవ్వడానికి అనుమతించలేదు.

అమెరికాలో 2018 నాటి వ్యవసాయ చట్టం డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం మించని మొక్కను, దాని భాగాలను హెంప్‌గా గుర్తించి మత్తు పదార్థాల జాబితా నుంచి తొలగించింది. విత్తనాలు, కణజాలం వంటి జన్యు సామగ్రిని అవి ఏ మొక్క నుంచి వచ్చాయన్న దానిని బట్టి కాక, వాటిలో ఉన్న టీహెచ్‌సీ శాతాన్ని బట్టి చూడాలని ఆ దేశ మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ 2022 జనవరిలో ఒక లేఖలో వివరించింది. పుప్పొడి విక్రేతలకు ఊతమిచ్చే వాదన ఇదే. అయితే 2025 నవంబరులో అమెరికా చేసిన చట్టం హెంప్ నిర్వచనాన్ని బిగించింది. టీహెచ్‌సీ పరిమితిని మించిన మొక్కల నుంచి వచ్చిన, మొలకెత్తగల విత్తనాలను హెంప్ పరిధి నుంచి తప్పించి, అమలుకు ఏడాది గడువు ఇచ్చింది. తల్లి మొక్క ఏదన్న ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది.

భారతదేశంలో పరిస్థితి

మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) అమలులో ఉంది. చరస్, గంజాయి, వాటితో చేసిన మిశ్రమాలు, పానీయాలు దాని పరిధిలోకి వస్తాయి. ఇక్కడ కూడా పుప్పొడి పేరు విడిగా లేదు. దానినే లొసుగుగా భావించడం పొరపాటు. ‘గంజాయి మొక్క’ అంటే ఆ ప్రజాతికి చెందిన ఏ మొక్క అయినా అని చట్టం చెబుతోంది. ఆడ, మగ తేడా అందులో లేదు. మొక్క లేనిదే పుప్పొడి రాదు, మొక్క లేనిదే దానికి ఉపయోగమూ లేదు. అనుమతి లేకుండా మొక్క పెంచితే 20వ సెక్షన్ కింద పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. నేరానికి ప్రయత్నించడం, సహకరించడం కూడా శిక్షార్హమే. పొడిలో పూత తునకలు కలిసి ఉంటే మిశ్రమం అన్న నిర్వచనం వర్తిస్తుందన్న వాదనకు ఆస్కారం ఉంది. విదేశాల నుంచి వృక్ష సామగ్రి తెప్పించుకోవడానికి 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు నిబంధనలు కూడా పాటించాలి.

ఈ చట్టం తీవ్రత ఆంధ్రప్రదేశ్ మన్యం ప్రజలకు అనుభవమే. 2021 చివరిలో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో పోలీసులు విశాఖ ఏజెన్సీలో వేలాది ఎకరాల గంజాయి తోటలను నరికివేశారు. అంత సాగును ఏరివేసిన యంత్రాంగం పెరటి కుండీని అభిరుచిగా భావించి వదిలేస్తుందని ఆశించడం కష్టం.

గాలికి హద్దులు లేవు

గంజాయి పుప్పొడి గాలి ద్వారా చాలా దూరం వెళుతుంది. మొరాకో తోటల నుంచి వచ్చినట్లు భావించిన రేణువులను స్పెయిన్ దక్షిణ తీరంలోని మలగా ప్రాంత శాస్త్రజ్ఞులు 1990ల దశకంలో సముద్రానికి ఈవల గాలిలో గుర్తించారు. తెలియని పుప్పొడిని ఒక ఇంట్లో వాడితే, ఆ గింజల నుంచి పెరిగే మగ మొక్కల ప్రభావం చుట్టుపక్కల పంటలపైనా పడవచ్చు.

హిమాలయ రాష్ట్రాలకు ఇది ముఖ్యమైన విషయం. ఉత్తరాఖండ్ 2018లో దేశంలోనే మొదటిసారిగా, టీహెచ్‌సీ 0.3 శాతం లోపు ఉండే పారిశ్రామిక హెంప్ సాగుకు అనుమతి ఇచ్చింది. హిమాచల్ ప్రదేశ్ మంత్రివర్గం 2025 జనవరిలో నియంత్రిత సాగుపై ప్రయోగాత్మక అధ్యయనానికి ఆమోదం తెలిపింది. ఆ కొండలలో గంజాయి సహజంగానే మొలుస్తుంది. అడవి మొక్కల పుప్పొడి సోకితే రైతు దాచుకున్న విత్తనంలో మరుసటి ఏడాది టీహెచ్‌సీ పరిమితి దాటే ప్రమాదం ఉంది. బయటి సంకర రకాల పుప్పొడి వ్యాపిస్తే, శతాబ్దాలుగా ఆ లోయలకు అలవాటుపడిన స్థానిక రకాల ప్రత్యేకత మసకబారుతుంది.

మన దేశంలో ఈ మొక్కపై ఆసక్తి గలవారికి చట్టబద్ధమైన దారి రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు, లేదా అనుమతి పొందిన పరిశోధన సంస్థ మాత్రమే. టపాలో వచ్చే సీసా వంగడం గుణానికి హామీ ఇవ్వదు, చట్టం నుంచి రక్షణా ఇవ్వదు.