మస్కట్ గోదాము తాళం

ఒమాన్‌లో నిజ్వా సంతకు వెళ్లి పాతసామాన్ల కొట్ల వైపు తిరిగితే, వెండి పట్టీలు చుట్టిన పొడవాటి తుపాకులు కనబడతాయి. మార్టినీ హెన్రీ రకం. ట్రిగ్గర్ కింది మీటను లాగితే గొట్టం వెనుక భాగం తెరుచుకుంటుంది. ఒక్క తూటాయే పడుతుంది, పేల్చాక మళ్లీ మీట లాగాల్సిందే. చాలావాటికి కుడిపక్క ఇనుము మీద కిరీటం ముద్ర, దాని కింద విక్టోరియా రాణి పొడి అక్షరాలు, తయారైన ఏడు ఉంటాయి. బ్రిటిష్ సైన్యం 1871లో చేపట్టిన ఈ తుపాకీ ఒమానీల వేడుకల్లో ఇప్పటికీ మగవాళ్ల భుజాల మీద ఊరేగుతుంది.

వేడుక సంగతి ఎలా ఉన్నా, తుపాకీ ఉంచుకోవాలంటే రాయల్ ఒమాన్ పోలీసుల లైసెన్సు ఉండాలి. 1990లో వచ్చిన 36వ నంబరు రాజశాసనం దీనికి ఆధారం. అయితే తుపాకీ అమ్మకానికి కాగితం అడిగే పద్ధతి అక్కడ అంతకంటే చాలా ముందే మొదలైంది. దాన్ని పట్టుబట్టి పెట్టించింది, డబ్బు కట్టింది అప్పటి బ్రిటిష్ ఇండియా సర్కారు.

19వ శతాబ్దం చివర్లో యూరప్ సైన్యాలు కొత్త రైఫిళ్లకు మారుతూ పాతవాటిని వదిలించుకున్నాయి. వాటిలో చాలా భాగం మస్కట్ రేవులో దిగింది. పాశ్చాత్య దేశాలతో చేసుకున్న ఒప్పందాల ప్రకారం దిగుమతి సరుకు మీద 5 శాతం సుంకం తీసుకోవడమే తప్ప సుల్తాన్ దాన్ని ఆపలేడు. ఆపాలని ఆయనకూ లేదు, ఖజానాకు ఆ సుంకమే గతి. వ్యాపారుల్లో పేరుమోసినవాడు ఆంటోనిన్ గోగ్యే అనే ఫ్రెంచివాడు. అరబ్బీ వ్యాకరణ గ్రంథాన్ని తన భాషలోకి తెచ్చిన పండితుడు మస్కట్‌లో రైఫిళ్లు అమ్ముకున్నాడంటే, ఆ బేరంలో లాభం ఎంతుండేదో ఊహించుకోవచ్చు.

కొన్న తుపాకులు రాత్రిపూట పడవల్లో సముద్రం దాటి మక్రాన్ తీరం చేరేవి. అక్కడినుంచి ఒంటెల మీద అఫ్గానిస్తాన్‌కు, వాయవ్య సరిహద్దు కొండల్లోకి వెళ్లేవి. అక్కడ అవి పేలింది బ్రిటిష్ ఇండియా పటాలాల మీద. 1878 ఆయుధాల చట్టంతో ఇక్కడి జనం చేతుల్లోంచి తుపాకులు లాక్కున్న సర్కారుకు ఇది మింగుడుపడలేదు. యుద్ధనౌకలతో తీరమంతా గస్తీ పెట్టింది. అంత పొడవైన తీరంలో ఎన్ని పడవలని పట్టుకుంటారు? పడవ ఎక్కాక వెతకడం కంటే, కొట్టు దాటకముందే నిలదీయడం తేలికనిపించింది.

1912 సెప్టెంబరులో సుల్తాన్ ఫైజల్ బిన్ తుర్కీ కొత్త నియమం తెచ్చాడు. వచ్చిన ప్రతి తుపాకీ సర్కారు గోదాములో చేరాలి. కొనేదెవరో, ఎక్కడికి పోతుందో తేలి, అనుమతి పత్రం వచ్చాకే బయటికి రావాలి. పొలం అమ్మినట్టే అనుకోండి: డబ్బు చేతులు మారినంత మాత్రాన సరిపోదు, రిజిస్ట్రారు దగ్గర కాగితం కావాలి. ఈనాడు చాలా దేశాల్లో లైసెన్సున్న డీలరు చేసే పని కూడా ఇదే. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి, ఆ రెండు పేర్లనూ దస్త్రాల్లోకి ఎక్కిస్తాడు.

పోయిన సుంకానికి బదులుగా సుల్తాన్‌కు ఏటా లక్ష రూపాయలు ముట్టాయి. తమ వ్యాపారుల కోసం పేచీ పెట్టిన ఫ్రాన్స్ 1914లో పరిహారం పుచ్చుకుని తగ్గింది. ఒమాన్ లోపలి కొండల్లోని తెగలకు మాత్రం ఏమీ దక్కలేదు. తుపాకులు, తూటాలు దొరకడం కష్టమైంది, పరాయివాళ్ల మాట విని సుల్తాన్ తమ చేతులు కట్టేశాడన్న కోపం మిగిలింది. వాళ్లకు వేరే కోపాలూ ఉన్నాయి, కానీ నిప్పు రాజేసిన వాటిలో గోదాము ఒకటి. 1913లో ఆ తెగలు సలీం బిన్ రాషిద్ అల్ ఖరూసీని ఇమాంగా, అంటే తమ మతనాయకుడిగా ఎన్నుకున్నాయి. 1915 జనవరిలో ఆయన మనుషులు మస్కట్ పక్కనే ఉన్న బైత్ అల్ ఫలజ్ మీదికి వచ్చిపడ్డారు.

అడ్డుకున్న ఇండియా దళాల్లో 95వ రస్సెల్స్ ఇన్‌ఫెంట్రీ ఉంది. ఆ పటాలం పుట్టింది మన హైదరాబాద్‌లోనే. 1813లో అక్కడి బ్రిటిష్ రెసిడెంట్ హెన్రీ రస్సెల్ నిజాం సొమ్ముతో దాన్ని ఏర్పాటు చేశాడు. దాడి విఫలమైంది. బైత్ అల్ ఫలజ్ కోట ఇప్పుడు సైనిక మ్యూజియం. మనవాళ్లు బజారు చేసుకునే రువి ప్రాంతంలోనే ఉంది.

అమ్మకానికి కాగితం అడిగే ఆ పద్ధతి మన దగ్గరా ఉంది. ఇప్పుడు నడిచేది 1959 ఆయుధాల చట్టం. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, లైసెన్సు గడువు ఐదేళ్లు. సొంత తుపాకీని డీలరు లేకుండా ఇంకొకరికి అమ్మొచ్చు, అయితే కొనేవాడికి లైసెన్సు ఉండాలి. అతని పేరు, చిరునామా జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీసు స్టేషనుకో రాసిచ్చి 45 రోజులు ఆగాలి. ఇంట్లో లైసెన్సుదారు పోయి తుపాకీ మిగిలితే, దాన్ని అటక మీద దాచకూడదు. వారసుడికి లైసెన్సు వచ్చేదాకా స్టేషనులోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి.